మీరు పందెం కట్టగానే బుకీ ధర ఎందుకు తగ్గించాడంటే

మలక్‌పేటలో మొదటిసారి రేసులకు వెళ్ళొచ్చి మీరు అడిగింది ఇది: ఒక గుర్రం మీద 5/2 ధరకు అయిదు వేలు కట్టారు. టికెట్ చేతికిచ్చిన మరుక్షణమే బుకీ బోర్డు మీద ఆ ధర చెరిపి 2/1 చేశాడు. పక్క స్టాండులో మాత్రం ఇంకా 5/2 ఉంది. చివరికి మీ గుర్రం ఓడి ఫేవరెట్ (బోర్డు మీద అన్నింటికన్నా తక్కువ ధర ఉన్న గుర్రం) గెలిచింది, చాలామందికి డబ్బు చెల్లించాల్సి వచ్చింది, అయినా బుకీ ముఖంలో టెన్షన్ లేదు. వీళ్ళకి ఏది గెలుస్తుందో ముందే తెలుసా, లేకపోతే నష్టం రాకుండా ఎలా నడుపుతారు అన్నది మీ ప్రశ్న.

రింగులో, అంటే బుకీలు స్టాండ్లు పెట్టుకునే చోట, లైసెన్స్ ఉన్న ఒక బుకీ దగ్గర చాలా ఏళ్ళు పుస్తకం (వచ్చిన పందేల లెక్క) రాశాను కాబట్టి చెబుతున్నాను. ఏ గుర్రం గెలుస్తుందో తెలిసి చేసే వ్యాపారం కాదిది, తెలియకుండానే చేయాలి. బుకీ అమ్మేది ధర. నష్టం అసలే రాకుండా నడపడం కూడా ఎవరి తరమూ కాదు. ఒక రేసులో ఎంత పోయినా తట్టుకోగలడో ముందే తేల్చుకుని ఆ గీత దాటకుండా చూసుకోవడమే అతని పని.

ముందు ధర లెక్క చూద్దాం. 6/4 అంటే నాలుగు కడితే ఆరు లాభం, కట్టిన నాలుగూ వెనక్కి వస్తుంది. ప్రతి ధర వెనుకా ఒక శాతం ఉంటుంది. కింది అంకెను రెండంకెల మొత్తంతో భాగిస్తే అది బయటపడుతుంది. 6/4లో నాలుగును పదితో భాగిస్తే 40 శాతం. 3/1 అయితే 25, 4/1 అయితే 20. ఇప్పుడు ఆరు గుర్రాల రేసు ఒకటి తీసుకోండి. ధరలు వరుసగా 6/4, 3/1, 4/1, 8/1, 10/1, 16/1. వీటి శాతాలు 40, 25, 20, 11.1, 9.1, 5.9. అన్నీ కూడితే 111 వస్తుంది. గెలిచేది ఒక్క గుర్రమే కాబట్టి నిజమైన అవకాశాల మొత్తం 100 మాత్రమే ఉండాలి. పైనున్న ఆ 11 బుకీది.

పుస్తకం ధరలకు తగ్గ నిష్పత్తిలో నిండిందనుకోండి. ఫేవరెట్ మీద 40 వేలు, రెండో దాని మీద 25 వేలు, మూడో దాని మీద 20 వేలు, ఇలా. మొత్తం వసూలు లక్షా 11 వేలు, ఏది గెలిచినా చెల్లించేది లక్షే. వసూలులో పది శాతం మిగులు. బుకీలు ఎప్పుడూ ఇలాగే సంపాదిస్తారని చాలామంది నమ్మకం. నేను మాత్రం ఇంత సమంగా నిండిన పుస్తకాన్ని ఎన్నడూ చూడలేదు. జనం శాతాలు లెక్కేసి కట్టరు. పేపర్లో టిప్ చూసి, జాకీ పేరు చూసి, పోయినసారి అంగుళాల్లో ఓడిన గుర్రాన్ని గుర్తుపెట్టుకుని కడతారు. దాంతో డబ్బంతా ఒకటి రెండు గుర్రాల మీదే వచ్చి పడుతుంది.

నిజమైన పుస్తకం ఎలా ఉంటుందో చూడండి. అదే రేసు, అవే ధరలు. ఒకటో నంబరు ఫేవరెట్ మీద 90 వేలు వచ్చింది. రెండు మీద 20 వేలు, మూడు మీద 12 వేలు, నాలుగు మీద 6 వేలు, అయిదు మీద 2 వేలు, ఆరు మీద వెయ్యి. వసూలు మొత్తం లక్షా 31 వేలు. పక్కనే ఇంకో నిలువు వరుస ఉంటుంది, ఏ గుర్రం గెలిస్తే మనకు ఎంత మిగులు, ఎంత తగులు అని. పుస్తకం రాసేవాడి కళ్ళు ఎప్పుడూ దాని మీదే ఉండాలి. ఒకటో నంబరు గెలిస్తే 2 లక్షల 25 వేలు చెల్లించాలి, అంటే సొంత జేబులోంచి 94 వేలు. రెండు గెలిస్తే 51 వేలు మిగులు. మూడైతే 71 వేలు, నాలుగైతే 77 వేలు, అయిదైతే లక్షా 9 వేలు, ఆరైతే లక్షా 14 వేలు.

సగటు లెక్కలో ఇదీ లాభసాటి పుస్తకమే. ఆ అదనపు 11ని తీసేసి చూస్తే ఫేవరెట్ గెలిచే అవకాశం 36 శాతం. ఒక్కో గుర్రం అవకాశాన్ని దాని లాభనష్టంతో గుణించి అన్నీ కూడితే బుకీకి సుమారు 13 వేలు మిగలాలి. కానీ ఇది కాగితం మీది లాభం. మూడింట ఒకసారి కన్నా ఎక్కువగానే 94 వేలు చేజారుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రంలోపు ఎన్నో రేసులు, వాటికి తోడు బెంగళూరు, ముంబై లాంటి చోట్ల జరిగే రేసుల మీద కూడా ఇక్కడ పందేలు నడుస్తాయి. ఫేవరెట్లు వరసగా మూడు గెలవడం పెద్ద వింతేమీ కాదు. ఆ రోజున చెల్లించడానికి రొక్కం లేని బుకీకి సగటు లాభం చేతికొచ్చే దాకా దుకాణం ఉండదు.

అందుకే మొదట ధరను కదుపుతాడు. ఫేవరెట్‌ను 6/4 నుంచి 5/4కి, అక్కడి నుంచి 1/1కి దించుతాడు. అదే చేత్తో రెండో నంబరును 3/1 నుంచి 7/2కి పెంచుతాడు. ఫేవరెట్ కావాలన్నవాడు పక్క బోర్డుకు పోవాలి, రెండో నంబరు నచ్చినవాడు తన దగ్గరికి రావాలి. మీ అయిదు వేలకు జరిగిందీ ఇదే. మీ పందెంతో ఆ గుర్రం వరుసలో అతని మీద 12,500 అదనపు భారం పడింది. అదే ధరకు ఇంకొకరికి అమ్మాలని అతనికి లేదు. మీ టికెట్ మీద 5/2 అని ఉంది కాబట్టి మీకు అదే ఖాయం, తర్వాత బోర్డు ఎంత మారినా మీకు సంబంధం లేదు. పక్క స్టాండు వాడి పుస్తకంలో ఆ గుర్రం మీద అప్పటికి పెద్దగా డబ్బు పడి ఉండదు, అందుకే ధర ముట్టుకోలేదు. గుర్రం గురించి ఇద్దరి అంచనా ఒకటే కావచ్చు, పుస్తకాలు మాత్రం వేరు. కట్టే ముందు రింగంతా ఒక చుట్టు తిరిగి రమ్మని కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇందుకే. అయిదు వేల పందెంలో 2/1కీ 5/2కీ తేడా 2,500 రూపాయలు. ఇంత తేలిగ్గా దొరికే డబ్బు రేస్‌కోర్సులో ఇంకెక్కడా లేదు.

ధర దించినా వరద ఆగకపోతే భారంలో కొంత ఇంకొకరి మీదికి తోయాలి. దీన్నే లే-ఆఫ్ అంటారు. మన బుకీ 30 వేలు తీసి ఇంకో పెద్ద బుకీ దగ్గర అదే ఫేవరెట్ మీద తానే పందెం కడతాడు. అప్పటికి ధర 5/4కి పడిపోయి ఉంటుంది. ఫేవరెట్ గెలిస్తే అక్కడి నుంచి 37,500 లాభం వస్తుంది, 94 వేల నష్టం 56,500కి దిగుతుంది. ఓడితే ఆ 30 వేలు పోయినట్టే, రెండో నంబరు గెలిచినప్పుడు మిగిలేది 51 వేలు కాదు, 21 వేలే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 36 శాతం అవకాశమున్న గుర్రాన్ని 5/4 ధరకు కొనడం నష్టపు బేరం. లెక్కేస్తే సగటున 5,700 పోతుంది. అంటే 13 వేల లాభంలో దాదాపు సగం ఒక్క లే-ఆఫ్‌కే ఖర్చయింది. అందువల్ల అనుభవమున్న బుకీ ప్రతి చిన్న భారానికీ పరిగెత్తడు. తన గీత దాటిన భాగాన్నే తోసేస్తాడు, ఇవతలిది ఉంచుకుంటాడు. అతని బతుకుతెరువు ఆ ఉంచుకున్న భాగం మీదే. మీరు చూసిన బుకీకి టెన్షన్ లేదంటే గేట్లు తెరుచుకునేలోపే ఫేవరెట్ భారాన్ని తట్టుకోగలిగినంతకు దించేసి ఉంటాడు.

ఇంతవరకూ కూడికలు, తీసివేతలు. ఎవరైనా నేర్చుకోవచ్చు. అసలు విద్య మనుషుల్ని చదవడంలో ఉంది. ఎంత డబ్బు వచ్చిందన్న దాని కన్నా ఎవరి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. మామూలు పంటర్ (పందెం కట్టేవాడు) వచ్చి 8/1 గుర్రం మీద 20 వేలు కడితే మా యజమాని బోర్డు వైపు తిరిగేవాడు కూడా కాదు. గుర్రపు శాలల వైపు నుంచి పందేలు తెచ్చే ఏజెంట్ ఒకతను వచ్చి అదే గుర్రం మీద రెండు వేలు అడిగితే మాత్రం, టికెట్ రాయించి, వెంటనే 5/1కి దించేవాడు. ఆ రెండు వేల మీద పోయేది పదహారు వేలు. శాలవాళ్ళకు ఆ గుర్రం మీద నమ్మకముందన్న కబురు అంత చవగ్గా ఇంకెక్కడా దొరకదనేవాడు. ఉదయపు ధరల మీద చిన్న పందేలే తీసుకోవడం వెనుక కూడా ఈ తర్కమే ఉంది. తెలిసినవాళ్ళు ఏ వైపు వస్తున్నారో తక్కువ ఖర్చుతో కనిపెట్టి, జనం పోటెత్తే చివరి పది నిమిషాలకల్లా ధర సరిచేసుకోవాలి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ బుకీ సంస్థలు ఇదే పనిని కంప్యూటర్లకు అప్పగించాయి. రేసు మొదలయ్యేటప్పటి ధర కన్నా మెరుగైన ధరకు పదేపదే కొంటున్న ఖాతా కనిపిస్తే, అది ఇంకా పెద్దగా గెలవకముందే దాని పందెం పరిమితిని కుదించేస్తారు. అది పంటర్‌కి అన్యాయంగా అనిపించడం సహజం. నాకూ అలాగే అనిపిస్తుంది. ధర బోర్డు మీద పెట్టినవాడు కొంతమేరకైనా అందరికీ అమ్మాలి.

తెలిసినవాళ్ళ భయం ధరల్లోకి కూడా ఎక్కుతుంది. ఎవరూ పట్టించుకోని గుర్రానికి నిజానికి 30/1 ఇవ్వాల్సింది, బోర్డు మీద 16/1 కనిపిస్తుంది. దాని గురించి ఏదో తెలిసినవాడు ఒక్కడు వచ్చి కట్టినా దెబ్బ గట్టిగా తగులుతుంది కాబట్టి బుకీ ముందే జాగ్రత్తపడతాడు. హ్యున్ సాంగ్ షిన్ అనే ఆర్థికవేత్త 1990ల మొదట్లో దీన్ని గణితంగా నిరూపించాడు. అంతకు చాలా ముందే, 1949లో, గ్రిఫిత్ అనే పరిశోధకుడు అమెరికా రేసుల ఫలితాలు పరిశీలించి, పెద్ద ధరల గుర్రాల మీద జనం అవసరానికి మించి కడతారని, ఫేవరెట్ల మీద తక్కువ కడతారని చూపించాడు. పెద్ద ధర చూసి మురిసిపోయి వంద రూపాయలు పడేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. బుకీ అత్యధిక శాతం మిగుల్చుకునేది అక్కడే.

లే-ఆఫ్ దారి మూసుకుపోతే ఏమవుతుందో తెలియాలంటే ఐర్లండ్‌లో 1975 జూన్ 26న జరిగింది చూడాలి. బార్నీ కర్లీ అనే ఆయనకు యెల్లో శామ్ అనే గుర్రం ఉండేది. దాన్ని ముందు కొన్ని రేసుల్లో దానికి కలిసిరాని చోట్ల పరిగెత్తించి పేరు చెడగొట్టి పెట్టాడు. తర్వాత బెల్లూస్‌టౌన్ అనే చిన్న రేస్‌కోర్సును ఎంచుకున్నాడు. ముఖ్య కారణం, అక్కడికి ఒకే ఒక్క పబ్లిక్ ఫోన్ ఉంది. దేశమంతటా తన మనుషుల్ని పెట్టి వేర్వేరు పందెం దుకాణాల్లో చిన్నచిన్న మొత్తాలుగా 15 వేల పౌండ్లకు పైగా కట్టించాడు. అనుమానం వచ్చిన దుకాణాలవాళ్ళు రేస్‌కోర్సులోని తమ మనుషులకు ఫోన్ చేసి, రింగులో ఆ గుర్రం మీద డబ్బు కట్టి ధర దించమని చెప్పాలి. అక్కడి దుకాణాలు చెల్లించేది రేసు మొదలయ్యేటప్పుడు రింగులో ఉన్న గేటు దగ్గరి ధరకే, దాన్ని స్టార్టింగ్ ప్రైస్ అంటారు. కానీ ఫోన్ దొరకలేదు. కర్లీ మనిషి ఒకడు బూత్‌లో నిలబడి, చావుబతుకుల్లో ఉన్న మేనత్త గురించి ఆసుపత్రితో మాట్లాడుతున్నట్టు అరగంట సేపు లైను వదల్లేదు. యెల్లో శామ్ 20/1 ధరకే పరిగెత్తి గెలిచింది. మూడు లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు కాబట్టి చెల్లించక తప్పలేదు. కడుపుమంటతో కొందరు ఒక పౌండు నోట్లను సంచుల్లో కుక్కి ఇచ్చారు. దుకాణాలు ధరలో తప్పు చేయలేదు. భారం పెరుగుతోందన్న కబురు, దాన్ని తోసేసే దారి, రెండూ ఒక్క తీగ మీద వేలాడాయి.

ఇరవై ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో ఫోన్లు పనిచేశాయి, అయినా కొంపలు మునిగాయి. 1996 సెప్టెంబర్ 28న ఆస్కాట్‌లో ఫ్రాంకీ డెటోరి అనే జాకీ ఒకే రోజు ఏడు రేసులకు ఏడూ గెలిచాడు. ఏడు గుర్రాలనూ కలిపి ఒకే పందెంగా కట్టినవాళ్ళకు ఒక పౌండుకు 25 వేలకు పైగా వచ్చింది. ఇలాంటి కలిపి కట్టే పందెంలో మొదటి గెలుపు డబ్బంతా రెండో రేసు మీదికి, అక్కడిదంతా మూడో దాని మీదికి వెళుతుంది. బుకీకి ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైన సరుకు. విడివిడిగా చూస్తే ఏ రేసు పుస్తకమూ ప్రమాదంలో లేదు. ఆరు గెలిచేసరికి దేశం మొత్తం మీద ఉన్న భారం ఏడో రేసులో ఫుజియామా క్రెస్ట్ అనే ఒక్క గుర్రం నెత్తిన కూర్చుంది. పొద్దున దాని ధర 12/1. పెద్ద సంస్థలు రేస్‌కోర్సు రింగులోకి డబ్బు పంపి కట్టించాయి. జనం కూడా డెటోరి పేరు మీద ఎగబడ్డారు. ధర 2/1కి పడింది. సంస్థల దృష్టిలో అది తెలివైన పని. గేటు దగ్గరి ధర 12/1 నుంచి 2/1కి పడితే చెల్లించాల్సింది నాలుగో వంతు కన్నా తక్కువకు దిగుతుంది.

రింగులో గ్యారీ విల్ట్‌షైర్ అనే బుకీ ఉన్నాడు. ఆ రేసులో అన్నింటికన్నా ఎక్కువ బరువు మోస్తున్న ఆ గుర్రానికి 2/1 అనేది పిచ్చి ధర అని, ఇంత లాభంగా ఇక ఎప్పుడూ అమ్మలేమని నమ్మి, వచ్చినంతా తీసుకుంటూ పోయాడు. గుర్రం మెడ తేడాతో గెలిచింది. ఆయన పది లక్షల పౌండ్లకు పైగా పోగొట్టుకుని, ఆ అప్పు తీర్చడానికి ఏళ్ళు పట్టింది. నా మటుకు ధర విషయంలో ఆయనదే సరైన లెక్క అంటాను. అదే పందెం వంద రోజులు తీసుకుంటే వంద రోజుల మొత్తంలో లాభమే. కానీ ఒక్క రేసులో తీసుకున్న పరిమాణం ఆయన రొక్కాన్ని దాటిపోయింది. మంచి ధరకు అమ్ముతున్నప్పుడే గీత మరిచిపోతాం. అవతల పెద్ద సంస్థలు చెడ్డ ధరకు కొన్నా నిలబడ్డాయి. (ఆ గుర్రాన్ని తర్వాత డెటోరియే కొనుక్కుని ఇంటి దగ్గర పెంచుకున్నాడు.)

టోట్ గురించి ఒక మాట. టోట్ కౌంటర్లో కట్టిన డబ్బంతా ఒక కుండలోకి వెళుతుంది, అందులోంచి కోత పోగా మిగిలింది గెలిచినవాళ్ళకు పంచుతారు. పారిస్‌లో జోసెఫ్ ఒలెర్ 1860లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. దాన్ని నడిపేవాడికి ఏ గుర్రం గెలిచినా ఒకటే, భారమే లేదు. అయితే మీకు ఎంత వస్తుందో పందేలు తీసుకోవడం ఆపేదాకా తేలదు. కట్టే క్షణంలోనే ధర ఖాయం చేసి ఆ అనిశ్చితిని తన నెత్తిన వేసుకుంటున్నందుకే బుకీ ఆ 11 అడుగుతున్నాడు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సింది పన్ను. గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు లక్ష్మణన్ కేసులో తేల్చింది. అయినా జీఎస్టీ దీన్ని జూదంతో సమానంగానే చూస్తోంది. పందెం పూర్తి విలువ మీద ముందు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. బుకీ మిగులు మీద కాదు, పందెం మొత్తం మీద. వంద పందేనికి నలభై పన్ను అంటే మీ చేతి నుంచి పోయేది 140. పది శాతం కోత తర్వాత సగటున తిరిగొచ్చేది 90. గెలిచిన డబ్బు మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే, ఓడిన పందేలను అందులోంచి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. గుర్రాలను ఎంత బాగా చదివినా ఈ లెక్కను దాటి దీర్ఘకాలంలో లాభపడే పంటర్ ఉంటాడని నేను అనుకోను. దీన్ని సంపాదన మార్గంగా చూడొద్దని ఇంత పట్టుబట్టి చెప్పడం అందుకే.

ఈ పన్ను వల్ల ఎక్కువ లాభపడింది ఫోన్ మీద పందేలు తీసుకునే లైసెన్స్ లేని బుకీలు. పన్ను లేదు, ధర కాస్త ఎక్కువ, పైగా అప్పు ఇస్తాం అంటారు. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం రేసు జరిగే రోజున, అందుకు కేటాయించిన ఆవరణలో, లైసెన్స్ ఉన్న బుకీతోనో టోట్‌లోనో కడితేనే మన దగ్గర చట్టబద్ధం, బయట కట్టింది నేరం. వాళ్ళు రిస్కును నడిపే తీరు కూడా పూర్తిగా వేరు. ధరను పెద్దగా కదపరు, లే-ఆఫ్ కోసం తంటాలు పడరు. వాళ్ళ అసలు పెట్టుబడి మీ అప్పే. ఓడుతున్నంత కాలం వారం వారం ఖాతా పెంచుకుంటూ పోతారు, ఇంటికొచ్చి వసూలు చేస్తారు. పెద్ద మొత్తం గెలిచిన వారం ఫోన్ ఎత్తరు. అంటే నష్టపు వరుస వాళ్ళ పుస్తకంలో ఉండదు, ఆ వరుసను మీ ఇంటికి పంపించేస్తారు. రింగులో కట్టినప్పుడు గుర్రం నంబరు, ధర, మొత్తం టికెట్ మీద సరిగ్గా ఉన్నాయో లేదో స్టాండు దగ్గరే చూసుకోండి. తేడా వస్తే అది పట్టుకుని నేరుగా రేస్ క్లబ్ అధికారుల దగ్గరికి వెళ్ళొచ్చు, చెల్లింపు గొడవల్ని వాళ్ళు వింటారు.